తొట్టి కింద పార

కంకర తోలే బావకి సోమవారానికల్లా టిప్పరు కావాలి. లేకపోతే రోడ్డు పని ఇంకొకరికి పోతుంది. అందుకే బావమరిదిని వెంటబెట్టుకుని పాత బళ్ళు అమ్మే యార్డుకి వచ్చాడు. వెనక ఒకే ఇరుసున్న బండి ఒకటి నీలం రంగులో నిగనిగలాడుతోంది.

"టిప్పరంటే ఇదీ బావా! టిప్‌టాప్‌గా ఉంది," అంటూ బావమరిది హారన్ మోగించాడు.

"రంగు చూసి రంగంలోకి దూకకురా. చాసీ చూసి మాట్లాడదాం," అన్నాడు బావ. ఏ బండి చూసినా ముందు తొట్టి లేపించి కిందికి దూరడం ఆయన అలవాటు.

"దెబ్బ తగలని బండండీ. పాత ఓనరు కన్నకూతురిలా చూసుకున్నాడు," అంటూ యార్డు యజమాని తొట్టి లేపి, జారకుండా అడ్డుకడ్డీ పెట్టాడు.

బావ టార్చితో లోపలికి వంగాడు. మరుక్షణం కెవ్వుమన్నాడు. తొట్టిని మోసే చాసీ చట్రం పగులు మీద పార రేకు అతికించి ఉంది. ఒకప్పుడు తన టిప్పరుకి, వానలో పని ఆగకూడదని తన పారనే కోసి, తన చేత్తోనే వంకరగా వెల్డింగ్ చేసిన అతుకది! తర్వాత ఆ చాసీ రెండుగా విరిగితే, ముక్కలు చేయమని బండిని తుక్కు కొట్టుకి ఇచ్చేశాడు.

గబగబా బయటికొచ్చాడు.

"పాముందా బావా?"

"నేను తుక్కులో పడేసిన బండిరా ఇది! చచ్చినదాన్ని సింగారించి మళ్ళీ నాకే కట్టబెడుతున్నారు!"

యజమాని ఓ అడుగు వెనక్కి వేశాడు. "ఆ పాత ఓనరు... మీరేనా?"

"నేనే. కన్నకూతుర్ని అలా చూసుకుంటే మా ఆవిడ నన్ను గడప తొక్కనిచ్చేదా?" అన్నాడు బావ, టార్చి ఆర్పేస్తూ. "పదరా. పోతే పనే పోయింది, మనం పోలేదు."