ఒక గంట ఇరవై ఒకటో నిమిషం

డిస్కు పెట్టె మీది బొమ్మే తప్పు. ‘బాచన మంత్రి’ సినిమాలో బాచన మంత్రికి మీసం లేదు. పెట్టె మీద మాత్రం మెలితిప్పిన మీసంతో, ఎర్ర తలపాగాతో ఎవరో గుర్రమెక్కి ఉన్నాడు. సినిమా నలుపు తెలుపుది. అందులో అసలు గుర్రం ఉందో లేదో మల్లేశ్వర్‌కు తెలియదు. ముప్పై ఐదేళ్లుగా ఆ సినిమా ఏ రూపంలో వచ్చినా కొంటున్నాడు గాని, ఒక్కసారి కూడా మొదటి నుంచి చివరిదాకా చూడలేదు.

శ్రీరామమూర్తి పెట్టెను అటూ ఇటూ తిప్పి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

“ఈయనెవరండీ?”

“మీకే తెలవాలె సార్. నాకు గా సినిమాల ముగ్గురే ఎరుక.”

“ఎవరా ముగ్గురు?”

“మంత్రి, రాజు, మా అమ్మ.”

వంటింట్లోంచి ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ నవ్వింది. శ్రీరామమూర్తి నవ్వలేదు. ఆయన బ్యాంకులో ముప్పై ఆరేళ్లు పనిచేసి, శంషాబాదులో ఈ ఫ్లాటు కొనుక్కుని, ఒక గది నిండా పాత సినిమాలు పేర్చుకున్న మనిషి. మూడు నెలల కిందట వైజాగు నుంచి వచ్చే చెల్లెలి కోసం విమానాశ్రయానికి వెళ్లినప్పుడు, పార్కింగులో నీడపట్టున కూర్చున్న సూపర్‌వైజరు ఫోనులోంచి బాచన మంత్రి గొంతు వినబడింది. ఆగి చూశాడు. ఆ సూపర్‌వైజరు అదే ముక్కను వెనక్కి లాగుతూ, ఆపుతూ, మళ్లీ వెనక్కి లాగుతూ ఉన్నాడు. ‘మీరూ ఈ చిత్రం అభిమానులా?’ అని శ్రీరామమూర్తి ఆప్యాయంగా అడిగాడు. ‘అభిమానం లేదు సార్, పని ఉంది’ అన్నాడు మల్లేశ్వర్.

ఆ పని ఇది. అరవై ఏడులో హిమాయత్ సాగర్ పక్కన ఒక మట్టికట్ట మీద ఎనిమిది రోజులు షూటింగు జరిగింది. మంత్రి చెరువు కట్టించే ఘట్టానికి చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లను గంపలతో రమ్మన్నారు. కొత్వాల్‌గూడ నుంచి వెళ్లినవాళ్లలో సక్కుబాయి ఒకతె. అప్పుడు మల్లేశ్వర్‌కు రెండేళ్లు. మరో రెండేళ్లకు ఆమె జ్వరంతో దవాఖానలో పోయింది. ఆమె ఫొటో ఎవరూ తీయలేదు. ఇంట్లో గోడ మీద తండ్రి ఫొటో ఒక్కటే ఉంటుంది, పక్కన ఇంకో మేకు. పోయిన పెద్దలకు పెట్టుకునే పెత్తర అమాసనాడు బాపు ఫొటోకు దండ వేసి, మిగిలిన దండను ఆ మేకుకు తగిలించేవాడు మల్లేశ్వర్. మేకుకు బొట్టు పెట్టడమెలాగో తెలియక మొదట్లో భార్య నిర్మల తికమక పడేది. తర్వాత అదీ అలవాటయింది.

ఏడేళ్ల వయసులో బాపు అతణ్ని టూరింగ్ టాకీసుకు తీసుకెళ్లాడు. ఒకచోట ఉన్నట్టుండి చెయ్యి చాచి, “గదో, మీ అమ్మ. మూడో ఆమె, దండకడియం పెట్టుకున్నామె,” అన్నాడు. పిల్లవాడు చాచిన వేలి వంక చూశాడు. వేలి నుంచి తెర మీదికి కళ్లు తిప్పేసరికి ఎవరో రాజు కోపంగా నిలబడి ఉన్నాడు. చూసినవా అని బాపు అడిగితే చూసిన అన్నాడు. ఆ అబద్ధం మాత్రం అతనికి ఈనాటికీ స్పష్టంగా గుర్తుంది. తల్లి గురించి గుర్తున్నదల్లా వెలుతురులో ఒక వేలు.

తర్వాత మొదలైంది ఈ పరేషాన్. వీసీడీ వచ్చింది, రెండు డిస్కులు. ఆడవాళ్లు కట్ట ఎక్కడం మొదలుపెట్టగానే మొదటి డిస్కు అయిపోయింది. రెండో డిస్కు రాజసభలో మొదలైంది. నడుమ ముక్క ఏ డిస్కులోనూ లేదు. కొన్న షాపుకు పోయి కొట్లాడితే, ‘పాటలన్నీ ఉన్నయి గద అన్నా’ అన్నాడు షాపతను. డీవీడీలో మూడు సినిమాలు ఒకే డిస్కులో కుక్కారు, చెరువు ఘట్టం మొత్తం ఎగిరిపోయింది. ఇంటర్నెట్లో పెట్టినదాంట్లో ఘట్టముంది, తలలు లేవు. చదరపు బొమ్మను వెడల్పు టీవీకి సరిపెట్టడానికి పైనా కిందా కోసేశారు. పదకొండుమంది ఆడవాళ్లు, మెడ నుంచి నడుము దాకా, వరుసగా నడిచిపోయారు. మూడో ఆమెకు దండకడియముంది. దాన్ని ఎంతసేపని చూస్తాడు? ఇంకొకరు రంగులు వేశారు. మట్టి పచ్చగా, మనుషులు గులాబీ రంగులో, ఆ కాస్త ముఖం ఉండవలసిన చోట కంపెనీ పేరు.

ఇప్పుడిది ఈ పెట్టె. ‘పూర్తి చిత్రం, అసలు కొలతలతో, కొత్త నెగెటివ్ శుద్ధితో’ అని రాసి ఉంది. దీన్ని ఆడించే యంత్రం తన దగ్గర లేక, పొద్దుటి షిఫ్టు దిగి నేరుగా ఇక్కడికి వచ్చాడు.

“జర ఒక గంట ఇరవై ఒకటికి పోనియ్యుండ్రి సార్.”

శ్రీరామమూర్తి నిట్టూర్చి నొక్కాడు. కట్ట వచ్చింది. బొమ్మ కోయలేదు. ఆడవాళ్లు తలలతో, గంపలతో నిండుగా వచ్చారు. ఒకటి, రెండు, మూడు.

“ఆపుండ్రి.”

ఆగింది. ఇద్దరూ టీవీ దగ్గరికి వంగారు. దండకడియం మీది నొక్కులు కూడా కనిపిస్తున్నాయి. ముఖం మాత్రం నున్నగా ఉంది. కళ్లున్నచోట రెండు నీడలు, ముక్కున్నచోట ఏమీ లేదు.

“గిదేంది సార్, ముఖాన్ని ఇస్త్రీ చేసిన్రు.”

“శుద్ధి అంటే ఇదేనండీ వీళ్లకి. బొమ్మలో ఇసకలాంటి చుక్కలుంటాయి చూశారా, మరక అనుకుని మిషన్‌తో తుడిచేస్తారు. చుక్కలతోపాటు ముక్కూ చెవీ పోతాయి. దూరంగా ఉన్న ముఖాలకి మరీనూ. ఇందాక వినలేదూ, కట్ట మీద ఉరుములు కూడా కలిపారు. ఎండలో ఉరుములేమిటండీ?”

“సార్, నాకు ఉరుములతోని పని లేదు.”

మల్లేశ్వర్ ఒక్కొక్క బొమ్మ చొప్పున ముందుకు జరిపించాడు, వెనక్కి జరిపించాడు. ప్రతి బొమ్మలోనూ మైనం. ఇరవై నిమిషాలు గడిచాయి. జ్ఞానప్రసూనాంబ కాఫీ గ్లాసులు పెట్టి, “ఆ తల్లి గంప దింపుకునేది ఎప్పుడండీ? మెడ నొప్పెట్టదూ?” అని వెళ్లిపోయింది.

“ఒక్కటి చెప్పండి,” అన్నాడు శ్రీరామమూర్తి. “ఎనభై తొమ్మిదిలో దీని వీడియో క్యాసెట్టు వచ్చింది. అందులో కోతా లేదు, తుడుపూ లేదు. అది మీరు కొనలేదా?”

“కొన్న.”

“మరి?”

“ఖరాబైంది.”

మూడు నెలల కింద అడిగినప్పుడూ ఇదే జవాబు చెప్పాడు. కానీ ఇవాళ ఆ మైనపు ముఖం ఎదురుగా ఉండగా ఆ మాట నోట్లో ఇమడలేదు.

“ఖరాబు కాలే సార్. నేనే చేసిన. తొంభై ఒకటిల నా పెండ్లి. వీడియో ఆయన కొత్త క్యాసెట్టు తేవడం మర్చిపోయిండు. ఇంట్ల ఇదొక్కటే ఉండె, వీసీఆర్ కిరాయికి దొరకక అప్పటిదాక పెట్టి గూడ చూడలే. సినిమా ఏడికి పోతది, మళ్ల కొనుక్కుందాం అనుకున్న. రికార్డు కాకుంట మూలకు చిన్న గుంత ఉంటది గద, దాని మీద నేనే టేపు అంటించి ఇచ్చిన.”

శ్రీరామమూర్తి రిమోటు బల్ల మీద పెట్టాడు.

“ఆ క్యాసెట్టు ఇప్పటికీ ఉంది. గంట ఇరవై ఒకటి కాడ నేను తలంబ్రాలు పోస్తున్న.”

అన్నాక అతనికి కోపం వచ్చింది. కంపెనీల మీద రావలసిన కోపమే, కాని వాటి దాకా వెళ్లలేదు. నిర్మల ఆ పెళ్లి క్యాసెట్టు తీసిన ప్రతిసారీ తాను ఎందుకు విసుక్కునేవాడో ఆమెకు ఇన్నేళ్లలో చెప్పలేదు. పెళ్లంటేనే ఇష్టం లేదేమో అని ఆమె అనుకుని ఉంటుంది. షాపులవాళ్లతో, కంపెనీలవాళ్లతో అంత గట్టిగా కొట్లాడింది, తన టేపు ముక్క సంగతి తనకే వినబడకుండా ఉండాలనేమో.

“మల్లేశ్వర్ గారూ, మీరీ సినిమా ఒక్కసారైనా చూశారా?”

“చూస్తనే ఉన్న గద సార్, ముప్పై ఐదేండ్ల సంది.”

“అది చూడటం కాదు, పట్టుకోవడం. కూర్చోండి.” శ్రీరామమూర్తి మళ్లీ రిమోటు అందుకున్నాడు. ఆయన గొంతులో కూడా విసుగే ఉంది. “ఇది నాకు ప్రాణమైన సినిమా. మీరు దాన్ని మూడు నెలలుగా నా కళ్లముందు ముక్కలు చేస్తున్నారు. మొదటి నుంచి వేస్తాను. మధ్యలో ఆపమన్నారంటే కాఫీ కూడా ఇవ్వను.”

సినిమా మొదలైంది. గుర్రం లేదు. బాచన లెక్కలు రాసే కుర్రవాడిగా కొలువులో చేరాడు, కరువు చూశాడు, రాజుతో ఎదురు మాట్లాడాడు. ఉరుములు వచ్చినప్పుడల్లా శ్రీరామమూర్తి తిట్టాడు. మల్లేశ్వర్ మొదట్లో గడియారం చూశాడు. తర్వాత చూడటం మానేశాడు.

కట్ట వచ్చింది. ఒకటి, రెండు, మూడు. అతని బొటనవేలు అలవాటుగా గాలిలో నొక్కింది. బొమ్మ ఆగలేదు. సక్కుబాయి నడిచింది. మైనం అలాగే ఉంది, కాని నడుస్తున్నప్పుడు అది అడ్డం రాలేదు. మెడ కదలకుండా కుడికాలు కొంచెం బయటికి వేస్తూ నడుస్తుంది. సగం దూరంలో ఎడమవైపు, బొమ్మ అంచు అవతలికి, గబుక్కున ఒకసారి చూసి మళ్లీ తిన్నగా అయింది. నాలుగు సెకన్లు. ఆ చూపు ఇన్నేళ్లలో అతనికి కనబడలేదు. ప్రతిసారీ దానికి ముందో వెనకో ఆపేవాడు.

వెళ్లిపోయింది. రాజు కోపంగా నిలబడ్డాడు. ఎందుకు కోపమో ఇప్పుడు మల్లేశ్వర్‌కు తెలుసు.

ఇంకో ముప్పావుగంటకు చెరువు పూర్తయి, మంత్రి కట్ట మీద నిలబడి జనంతో మాట్లాడాడు. జనం కెమెరాకు వీపు పెట్టి కూర్చున్నారు. ముందుగా, అద్దానికి ఆనుకున్నంత దగ్గరగా, ఒక ఆడమనిషి వీపు. చేతికి దండకడియం, నొక్కులతో సహా. ఆమె భుజం మీదుగా ఒక పిల్లవాడు, మంత్రి వైపు కాక వెనక్కి తిరిగి, కెమెరా వంక నోరు తెరిచి చూస్తున్నాడు. దగ్గరగా ఉన్నందుకు మిషన్ ఆ ముఖం జోలికి పోలేదు. చీమిడి కూడా కనిపిస్తోంది.

మల్లేశ్వర్‌కు ఆ ముఖం తెలుసు. ఇంట్లో అలమరా మీద ఉంది, రెండేళ్లప్పుడు స్టూడియోలో తీయించిన కొడుకు శ్రీకాంత్ ఫొటోలో. కాని శ్రీకాంత్ పుట్టింది తొంభై మూడులో.

శ్రీరామమూర్తి అతని వంక చూశాడు. రిమోటు మీద వేలు పెట్టి మెల్లగా, “ఆపమంటారా?” అన్నాడు.

“అమ్మను చూపియ్యుమంటే నన్ను చూపిస్తున్నరేంది సార్,” అన్నాడు మల్లేశ్వర్. “నన్నేం చేసుకోవాలె నేను?”

తెర మీద ఆ పిల్లవాడి ముఖాన్ని కడియం చెయ్యి పట్టి ముందుకు తిప్పబోయింది. పిల్లవాడు తిరగలేదు. ఆ చెయ్యి మళ్లీ వచ్చి, ఈసారి తిప్పకుండా, చీమిడి తుడిచి వెళ్లింది.

“ఆపాలా?”

“వద్దు సార్. పోనియ్యుండ్రి.”

కిటికీ అవతల ఒక విమానం దిగుతూ అద్దాలను అదిరించింది. రాజు మంత్రిని చెరలో వేయించాడు. మల్లేశ్వర్ కాఫీ గ్లాసు చేతిలోనే పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. చెరలో మంత్రి కిటికీ ఊచలు పట్టుకుని, దూరాన నీళ్ల చప్పుడు వింటూ, నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. బొమ్మ చిన్న చిన్న గళ్లుగా చీలింది.

శ్రీరామమూర్తి డిస్కు తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టాడు. అక్కడే ఆగింది. ఇంకోసారి తుడిచాడు. అక్కడే.

“ఇంత ఖర్చు పెట్టి పెట్టె చేశారు. చివరి పన్నెండు నిమిషాలు లేకపోతే ఏమిటండీ ఇది?”

“ముప్పై ఐదేండ్లు నేను ఆపుదామంటే ఆగలే. ఇగ పోనీ అంటే ఆగింది,” అన్నాడు మల్లేశ్వర్. కొంచెంసేపు ఆ గళ్లనే చూశాడు. “గాయన ఆఖరుకు ఏమైతడు సార్?”

శ్రీరామమూర్తి టీవీ కట్టేశాడు. కళ్లజోడు తీసి పక్కన పెట్టి, కుర్చీని అతనివైపు తిప్పుకున్నాడు.

“ఉరుములు లేకుండా చెబుతాను,” అన్నాడు. “చెరలో ఉన్నాడు కదా. బయట వాన మొదలవుతుంది. చెరువు నిండుతోందని కాపలావాడు వచ్చి చెబుతాడు…”