మేక కార్జం కోసం ప్రార్థన

నాకు ఓపిక లేదు. ఆ సంగతి మా నాచారం వీధికంతా తెలుసు, ఉప్పల్ రోడ్డు మీది మా ల్యాబ్‌కూ తెలుసు. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడమంటే నిలబడను. ఇలాంటిదానికి పీహెచ్‌డీ ఎందుకని అమ్మ అడిగేది. ఎనభై తొమ్మిది ఎండాకాలంలో నాకూ అదే అనుమానం పట్టుకుంది.

నా పని ఒక ఎంజైమ్ మీద. ఎంజైమ్ అంటే కణంలో పనులు జరిపించే ప్రోటీను. నాది మేక కార్జంలో, అంటే కాలేయంలో, దొరుకుతుంది. పొద్దున్నే నాచారంలో మటన్ కొట్టు దగ్గర కార్జం కొని, ఐసు డబ్బాలో పెట్టుకుని బస్సెక్కేదాన్ని. దాన్ని నూరి, వడగట్టి, మిగతావన్నీ తీసేసి, చివరికి నా ఎంజైమ్ ఒక్కటే మిగిలేలా చేయాలి. దానికి నాలుగు ముక్కలు. నాలుగూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటేనే పనిచేస్తుంది. కార్జంలో ఉన్నన్నాళ్ళూ బుద్ధిగా పట్టుకునే ఉంటాయి. నేను శుభ్రం చేసి పల్చటి ఉప్పునీళ్ళలో వేశానో లేదో, పూట తిరిగేసరికి విడిపోయి చచ్చేవి.

మా గైడు రామచంద్రరావు గారు కాకినాడ వైపు మనిషి. శుభ్రత ఆయనకు మతం. “కడిగితే చచ్చిపోయేదాన్ని పట్టుకుని ఎన్నాళ్ళు వేలాడతావమ్మా గ్రేస్? సోమవారం మీటింగులో తేల్చేద్దాం. దీన్నాపేసి ఇంకేదైనా చూసుకో,” అన్నారు.

ఇంకేదైనా అంటే ఏమిటో నాకు తెలుసు. ఫెలోషిప్ గడువు దగ్గరపడింది, కొత్తది మొదలుపెట్టే వ్యవధి లేదు. మళ్ళీ బోడుప్పల్ ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు పనే. ఆ స్కూలు తలచుకుంటేనే నాకు ఒళ్ళు మండేది.

కణం లోపల ఖాళీ ఉండదని చదివాను. ప్రోటీన్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ, నెట్టుకుంటూ తిరుగుతాయి, పొద్దుటి పూట మా ఉప్పల్ బస్సులో జనం లాగా. నేనేమో నా ఎంజైమ్‌ని తీసుకెళ్ళి ఖాళీ మైదానంలో వదిలేసి, ఎందుకు పనిచేయవని తిడుతున్నాను. దానికీ ఒక గుంపును ఇచ్చి చూద్దామనిపించింది.

ఆదివారం చర్చి ఎగ్గొట్టి ల్యాబ్‌కు పోయాను. ఒక గొట్టంలో మామూలు ఉప్పునీళ్ళు పోశాను. ఇంకోదాంట్లో డెక్స్‌ట్రాన్ కలిపాను. అది పెద్ద పెద్ద చక్కెర గొలుసుల పొడి. ఎంజైమ్ జోలికి పోదు, ఊరికే చోటు ఆక్రమించుకుని కూర్చుంటుంది, నీళ్ళు గంజిలా చిక్కబడతాయి. రెండింట్లోనూ ఎంజైమ్ వేసి, గోరువెచ్చటి నీళ్ళతొట్టిలో పెట్టి, వెంటనే చెరి కాస్త తీసి యంత్రంలో చూశాను. ఎంజైమ్ పనిచేస్తుంటే కాగితం మీద పెన్ను గీత పైకి ఎక్కుతుంది. మామూలు నీళ్ళ గీత చకచకా ఎక్కింది. గంజి గీత కాళ్ళీడ్చుకుంటూ ఎక్కింది.

గుంపు సాయం చేయడం దేవుడెరుగు, ఉన్న పని కూడా చేయనివ్వడం లేదు. ఏడుపొచ్చింది. గొట్టాలు సింకులో పారబోయబోతూ గడియారం చూశాను. మూడింటికి మా ఇంట్లో కూడిక. చాయ్ అందించడానికి నేను లేకపోతే అమ్మ నెల రోజులు మాట్లాడదు. ఒకసారి మొహం చూపించి గంటలో తిరిగొస్తాను, అప్పుడు పారబోయొచ్చని గొట్టాల్ని తొట్టిలోనే వదిలి పరిగెత్తాను.

ఇంటి కూడిక అంటే మా ముందుగదిలో ప్రార్థన. గది చిన్నది, వచ్చేవాళ్ళు వీధెడు. నేను వెళ్ళగానే అమ్మ నన్ను లోపలి మూలకు, ఇనప్పెట్టె పక్కకు తోసింది.

“నువ్వు తలుపు కాడ గూసుంటె ఉరుకుతవు. ఆడ గూసో,” అంది.

నా పక్కన మల్లవ్వ కూర్చుంది. మా పక్కింటి ముసలమ్మ. చర్చికి రాదు, మా ఇంటి కూడిక మాత్రం తప్పదు. ఆ తర్వాత జనం వచ్చి వచ్చి గది నిండిపోయింది. మోకాళ్ళకు మోకాళ్ళు తగులుతున్నాయి. మా పాస్టరు దేవానందం అయ్యగారు బైబిలు వాక్యం చదివి, ఒక్కొక్కరి కష్టం అడిగి, ఒక్కొక్కరికీ విడిగా ప్రార్థన చేస్తున్నారు. ఒకరికి ఫ్యాక్టరీలో లేఆఫ్, ఒకరికి మోకాలి నొప్పి. నాకు లోపల నిప్పుల మీద కూర్చున్నట్టుంది. లేద్దామంటే కాలు పెట్టే జాగా లేదు. ఆమెన్ అయ్యాక కూడా చాయ్ తాగందే అమ్మ ఎవర్నీ కదలనివ్వదు. నేనే మూలన ఇరుక్కున్నాను కాబట్టి చాయ్ గ్లాసులు తలుపు దగ్గర్నుంచి చేతులు మారుతూ నా దాకా వచ్చాయి.

మల్లవ్వ ఎప్పుడో నిద్రపోయింది. నిటారుగా కూర్చునే నిద్రపోయింది. అటు నా భుజం, ఇటు ఇంకొకామె భుజం, వెనక గోడ. పడిపోవాలన్నా చోటు లేదు. చాయ్‌లు అయ్యాయి, జనం లేచారు. అటుపక్క ఆమె లేచిందో లేదో మల్లవ్వ అటే ఒరిగిపోయింది. తల నేలకు తగలకముందే నేను పట్టుకున్నాను.

పట్టుకుని అలాగే ఉండిపోయాను. నా గొట్టాలు గుర్తొచ్చాయి. గంజిలో వేగం చూశాను గానీ, అందులో ఎంతసేపు నిలబడుతుందో చూడలేదు.

అప్పటికే చీకటి పడింది, కరెంటు పోయింది. ల్యాబ్‌కు బయల్దేరబోతే నాన్న నన్ను చెప్పులు వేసుకోనివ్వలేదు.

“పొద్దుగాల పో బిడ్డా. నీ నీళ్ళు ఏడికి పోవు,” అన్నాడు.

సోమవారం తెల్లవారుతూనే పోయాను. మామూలు నీళ్ళ గొట్టం చూశాను. పెన్ను అడ్డంగా గీసుకుంటూ పోయింది, ఎంజైమ్ చచ్చింది. గంజి గొట్టం చూశాను. గీత నిన్నటిలాగే కాళ్ళీడ్చుకుంటూ, కానీ ఆగకుండా, పైకి ఎక్కింది. గంజే గీతను ఎక్కిస్తోందేమోనని ఎంజైమ్ వేయని గంజిని కూడా చూశాను, గీత కదల్లేదు.

రామచంద్రరావు గారు వచ్చి కాగితం చాలాసేపు చూశారు.

“రాత్రంతా ఉంచాలని ఎలా తోచింది?”

“తోచలేదు సార్. ఇంట్లో ఇరుక్కుపోయాను.”

ఆయన నవ్వలేదు. “ఒక్కసారి వచ్చింది ఫలితం కాదు. మళ్ళీ పెట్టు. రేపు పొద్దున నేనే చూస్తాను. నిలిచిందా, నీ ఫెలోషిప్ ఏడాది పొడిగించమని నేనే రాస్తాను. లేకపోతే ఆపేద్దాం. ఈలోగా నువ్వీ గదిలోకి రావద్దు. పది నిమిషాలకోసారి మూత తీస్తావు, నీ సంగతి నాకు తెలుసు.”

గొట్టాలు పెట్టి మధ్యాహ్నానికే ఇంటికొచ్చాను. కూర్చోలేను, నిలబడలేను. గిన్నెలు తోమాను, తోమినవే మళ్ళీ తోమాను. గేటు దాకా పోయి వచ్చాను. చివరికి అమ్మ దగ్గరికి పోయాను.

“అమ్మా, ఇయ్యాల కూడిక పెడదమా?”

“సోమారం నాడా? ఏందే నీకు?”

“పెడదమే. అందర్ని పిలువు.”

అమ్మ కళ్ళు తుడుచుకుంటూ వీధిలోకి పోయింది. ఇన్నాళ్ళకు బిడ్డకు భక్తి కుదిరిందనుకుంది. నేను ఎవరూ తోయకుండానే పోయి ఇనప్పెట్టె పక్కన కూర్చున్నాను. సాయంత్రానికి గది నిండింది. అయ్యగారు ఒక్కొక్కర్నీ అడుగుతూ నా దగ్గరికి వచ్చారు.

“నీ కోసం ఏమని ప్రార్థన చేయాలె గ్రేసమ్మా?”

అబద్ధం చెప్పే ఓపిక కూడా నాకు లేదు. “మేక కార్జంల ఒక ఎంజైమ్ ఉంటది అయ్యగారూ. దానికి నాలుగు ముక్కలు. రేపు పొద్దుగాల దాంక అవి విడిపోకుండ ఉండాలె. విడిపోతె నా చదువు ఆగిపోతది.”

ఎవరైనా నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. “ప్రభువా, మేక కార్జంల ఆ నాలుగు ముక్కల్ని నీ చేతులకు అప్పజెప్తున్నం. ఒకదాన్నొకటి ఇడవకుండ జూడు తండ్రీ,” అన్నారు. గదంతా ఆమెన్ అంది. మల్లవ్వ అందరికన్నా గట్టిగా అంది. ఆ రోజు చాయ్‌లు అయ్యేదాకా లేవాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.

మంగళవారం నేను చేరేసరికి రామచంద్రరావు గారు యంత్రం ముందు కూర్చుని ఉన్నారు. తల తిప్పకుండానే కాగితం నా వైపు జరిపారు. గీత ఎక్కింది.

“ఉత్తరం రాస్తాను,” అన్నారు. “ఇన్నాళ్ళూ దాన్ని మనమే ఒంటరిని చేసి చంపామన్నమాట,” అన్నారు.

సాయంత్రం బస్సు దిగి మా వీధి మలుపు తిరిగాను. మల్లవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే చెయ్యెత్తి ఆపింది.

“ఏమాయె పిల్లా? నలుగురు కలిసే ఉన్నరా?”

“కలిసే ఉన్నరు అవ్వా,” అన్నాను. పోయి ఆమె పక్కన, భుజానికి భుజం ఆనించి కూర్చున్నాను.