మిరపకాయ లేని ఆదివారం

నాచారంలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పే నరసింహమూర్తికి పాఠాన్ని ఇంటిదాకా మోసుకొచ్చే అలవాటుంది. 2008 వేసవిలో ఒకరోజు, మిరప, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ అన్నీ అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చినవేనని భార్యకు వివరించాడు.

"ఈ ఆదివారం అవేవీ వద్దు. మన ముత్తాతల ముత్తాతలు తిన్నట్టు తిందాం," అన్నాడు.

సత్యవేణి మారుమాటాడకుండా మిరియాలు దంచి, కందకూర, పెసరపప్పు వండింది. మూర్తి ఆహా ఓహో అంటూ తిన్నాడు గానీ, సాయంత్రానికి నాలుక చచ్చుబడిపోయింది. భార్య గుడికి వెళ్లగానే స్కూటర్ తీసి ఉప్పల్ చౌరస్తాకు జారుకున్నాడు.

అక్కడ సాంబయ్య బజ్జీల బండి దగ్గర సత్యవేణి నిలబడి, కళ్ల నీళ్లు కారుతుండగా మిరపకాయ బజ్జీ నములుతోంది. భర్తను చూసి నమలడం ఆపింది. మూర్తి స్కూటర్ దిగి అక్కడే ఆగిపోయాడు.

"ఏంది సారూ, గట్లనే నిలవడ్డరు? వేడివేడిగున్నయ్, ఎయ్యాల్నా?" అన్నాడు సాంబయ్య.

"వెయ్యి. ఆవిడకు ఇంకో ప్లేటు," అన్నాడు మూర్తి.

సత్యవేణి ఫక్కున నవ్వింది. గుడి సంగతి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇద్దరూ ముక్కులు ఎగబీల్చుకుంటూ ఒకే స్కూటర్ మీద ఇల్లు చేరారు.