గాలి తిరిగి తోసింది

ఆ యాసంగిలో సరిగ్గా పల్లీ చేను ఊడలు దించే అదనుకే మా పొలాల దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. పూల నుంచి మట్టిలోకి ఊడలు దిగేటప్పుడు నేల మెత్తగా ఉండాలి. మట్టి గట్టిపడితే ఊడ లోపలికి పోదు, ఊడ పోకపోతే కాయే లేదు. పెద్దమందడి పక్కన మాకున్నది ఆ ఒక్క చేనే. బావిలో నీళ్లున్నాయి, పైకి తెచ్చే కరెంటు లేదు.

"పాత ఇంజన్ తీద్దాం" అన్నాడు నా కొడుకు హన్మంతు. అది మా ఆయన కొన్న డీజిల్ ఇంజన్. కొట్టంలో గోనెపట్టాలు తీస్తే ఎలుకలు తలా ఒక దిక్కు ఉరికాయి. దాన్ని బావి దగ్గరికి తెచ్చి పంపుకు తగిలించాడు.

ఇక హ్యాండిల్ పట్టి తిప్పుతాడు, తిప్పుతాడు, చక్రం జోరందుకోగానే ఎత్తి పెట్టిన లివర్ పడేస్తాడు. ఇంజన్ ఒక తుమ్ము తుమ్మి ఊరుకుంటుంది. గాలి పీల్చే గొట్టం దగ్గర డీజిల్ గుడ్డ ముట్టించి పెట్టాడు. చలికాలంలో మా ఆయన కూడా అట్లాగే చేసేవాడు. దానికీ లేవలేదు.

"పాత సామాన్లకు ఏసేస్త దీన్ని!" అని కూలబడ్డాడు.

నా మనవరాలు రమ్య వనపర్తిలో పాలిటెక్నిక్ చదువుతుంది, సెలవులకు వచ్చి ఉంది. "నాయనా, జర జరుగు" అని హ్యాండిల్ అందుకుంది.

"జొన్నరొట్టె కొట్టుడనుకున్నవా బిడ్డా?"

"రొట్టె గూడ రాదు నాకు. నువ్వైతే జరుగు."

లివర్ దించే ఉంచి మెల్లగా తిప్పింది. లోపల సుయ్‌మని సన్నగా వినిపించింది.

"చూడవ్వా, లివర్ ఎత్తితే గాలి బయటికి పోతది, దించితే లోపలనే చిక్కుతది. దించినంక గింత అల్కగ తిరగొద్దు. లోపలి గాలి నా చేతిని ఎన్కకు తొయ్యాలె. తొయ్యకుంట సందుల్లకెళ్లి తప్పిచ్చుకుంటుంది."

"గాలి తోసుడేందే? నడిపేది డీజిల్ గద!"

"సైకిల్ పంపు కొడితే అడుగు కాలుతదా లేదా?"

కాలదా మరి! మా ఆయన కొత్తకోట పోయే రోజుల్లో తెల్లవారకముందే సైకిల్‌కు గాలి కొట్టి పెట్టేదాన్ని. ఎన్నిసార్లు వేలు చురుక్కుమందో. ఎండ కూడా లేదే, ఈ వేడి ఎక్కడిదని ఒక్కనాడన్నా ఆలోచించానా?

"నొక్కినప్పుడు మనం పడ్డ కష్టమంత గాలికెక్కుతది. గందుకే వేడి. ఇంజన్ల ఇంకా గట్టిగ నొక్కుతం. డీజిల్ పడంగనే అంటుకునేంత కాగుతది. గప్పుడు గదే గాలి ఉబ్బి పిస్టన్‌ను తోస్తది. ముందుగాల మనం దానికి పని చేస్తం, తర్వాత అది మనకు చేస్తది."

"మనం చేసినంతనే చేస్తదా?"

"డీజిల్ తింటది గదవ్వా, శాన ఎక్కువ చేస్తది."

"నయమే. మీ తాత తిన్నా చెయ్యకపోతుండె" అన్నాను. అంత పరేషాన్‌లోనూ హన్మంతుకు నవ్వొచ్చింది.

రమ్య గాలి గొట్టంలోకి ఇంజన్ ఆయిల్ ఒక్క గుక్కెడు పోసింది. లివర్ ఎత్తి, మెల్లగా తిప్పి లోపలంతా పారించింది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగాయట, ఆ సందులను నూనె మూస్తుందట. లివర్ దించి మళ్లీ తిప్పితే ఈసారి హ్యాండిల్ సగంలోనే మొరాయించి వెనక్కి వచ్చింది.

"తోస్తుంది!" అని గంతేసింది పిల్ల. "నాయనా, బలం నీది. అవ్వా, నేను అనంగనే లివర్ ఎయ్యి."

లివర్ ఎత్తి పెట్టాను. హన్మంతు తిప్పాడు, చక్రం జోరందుకుంది. "ఎయ్యి!" అంది. వేశాను. ధన్! ఇంకో ధన్! తెల్లటి పొగ కక్కి, ధన్ ధన్ ధన్ మని అందుకుంది. హన్మంతు పార తీసుకొని నీళ్లకు ఎదురు ఉరికాడు.

పొగగొట్టానికి దూరంగా అరచెయ్యి పెట్టి చూశాను. వేడి గాలి ఒక్కో దెబ్బకు చేతిని నెడుతోంది. ఇనుప చక్రాన్ని తిప్పి, బావిలో నీళ్లను పైకెక్కించి, పని ముగించుకొని పోతూ కూడా ఇంత బలమా! గాలంటే ఖాళీ అనుకున్నాను ఇన్నేళ్లు. ఆ బలాన్ని చెవితో విని పట్టుకున్న పిల్ల మా ఇంట్లోనే పుట్టింది.

"మడి మారేటప్పుడు జర ఆపుండ్రి!" అని హన్మంతు అరిచాడు.

"ఆపేది లేదు నాయనా! ఆయిల్ కాలిపోయింటది. ఆపితే మళ్ల లేస్తదో లేదో తెల్వదు!"

ఇక ఎవరాపుతారు? నేను డీజిల్ డబ్బా ఒళ్లో పెట్టుకొని ఇంజన్ పక్కనే కూర్చున్నాను. రమ్య తండ్రితో పాటు కాలువ గట్టు మీద ఉరుకుతూ మడి తర్వాత మడికి నీళ్లు మలిపింది. చివరి మడి తడిసి, ఊడల కింద మట్టి నల్లబడ్డాకే దాన్ని ఆపనిచ్చాను.