చప్పుడు లేని పూలు

ప్రభాకర్‌ది ఎప్పుడూ ఒకటే లెక్క: పెట్టింది ఎంత, తిరిగి వచ్చింది ఎంత. చేవెళ్లలో టెంట్ హౌస్ పెట్టిన నాటి నుంచి ఆ లెక్క తప్పలేదు. కుర్చీ విరిగితే విరగ్గొట్టిన వాడి మీద కేకలు వెయ్యడు. అది ఎన్ని పెండ్లిళ్లు మోసిందో తలుచుకొని, దాని పని అది చేసిపోయింది అనుకుంటాడు. షామియానా చిరిగినా అంతే. అట్లాంటి మనిషిని నెల రోజుల పాటు తిండి మీద ధ్యాస లేకుండా చేసింది ఒక రాగి తీగ చుట్ట.

అసలు సంగతి అజీజ్‌నగర్‌లో మొదలైంది. అక్కడ ఇప్పుడు రిసార్టు ఉన్న జాగ ఒకప్పుడు ప్రభాకర్ తండ్రి అంతయ్య చిక్కుడు వేసిన చెలక. అమ్మేటప్పుడు అంతయ్య ధర దగ్గర పేచీ పెట్టలేదు. "ఈ భూమ్మీద ఏ పందిరి లేచినా మొదటి గుంజ మావోడే పాతాలె" అని మాత్రం అడిగాడు. కొన్న పెద్దమనిషి చేతిలో చెయ్యి వేశాడు. ఆ మాట ప్రకారం అక్కడ ఏ పెండ్లి జరిగినా గుంజకు పసుపు రాసి, మామిడాకు కట్టి, గుంతలో నిలబెట్టేది ప్రభాకరే. ఇప్పుడు తండ్రీ లేడు, ఆ పెద్దమనిషీ లేడు. పెద్దమనిషి కొడుకు రిసార్టును వనిత అనే మేనేజరు చేతిలో పెట్టి తాను పట్నంలో ఉంటున్నాడు.

వనిత మంచి పిల్లే. నవ్వుతూనే చెప్పింది.

"అంకుల్, సిటీ నుంచి ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. పందిరి, డెకరేషన్, ఫ్లవర్ షో అన్నీ కలిపి ప్యాకేజీ ఇస్తామంటున్నారు. తలంబ్రాల టైమ్‌కి పూలు పైకి లేచి జంట మీద పడతాయట. పోయిన ఎండాకాలం గడ్డి అంటుకుంది కదా, మా దగ్గర నిప్పు మాత్రం వద్దు. మీ దగ్గర అట్లాంటి ఐటమ్ ఉందా?"

"ఉన్నది" అన్నాడు ప్రభాకర్.

లేదనే మాట అతని నోట ఏనాడూ రాలేదు. ముందు ఉన్నదని చెప్పడం, తర్వాత ఎక్కడి నుంచైనా తెచ్చి ఇవ్వడం, కిరాయి వ్యాపారం అంటేనే అది.

"అయితే వచ్చే నెల చూపించండి. బాగుంటే పందిరి కూడా మీకే. లేకపోతే మొత్తం వాళ్లకే ఇచ్చేస్తా, ఏమనుకోవద్దు."

పందిరి వాళ్లకు పోవడమంటే తండ్రి చెలకలో మొదటి గుంజ ఎవడో పాతడం. ప్రభాకర్ బండి తిప్పి నేరుగా మొయినాబాద్ పోయాడు. అక్కడ అతని బావ మహేశ్వర్‌కు మోటారు వైండింగ్ దుకాణం ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టడం అతని పని. తీగ గురించి బావకు తెలియనిది లేదని ఊరంతా అంటుంది. ఊరికంటే ముందు బావే అంటాడు.

"నిప్పు వద్దంటున్నది. పూలను ఎగజిమ్మే గ్యాసు సిలిండర్లు సిటీ వాళ్లకున్నయ్, మనకు లెవ్వు" అన్నాడు మహేశ్వర్ గడ్డం గోక్కుంటూ. "ఇంగ అయస్కాంతమే దిక్కు. గొట్టానికి తీగ చుట్టి ఒక్కసారి కరెంటు కొడితే, లోపలి ఇనుప కడ్డీని గుంజుకుంటది. కడ్డీ నెత్తిన గిన్నె పెడితే గిన్నెల పూలు లేస్తయ్. కండెన్సర్ల కరెంటు నింపిపెట్టి ఒక్కపెట్టున వదలాలె. గంతే."

"గంతేనా?"

"గంతే బామ్మర్ది. రెండు దినాల పని."

ఆ రెండు దినాలు చాలా పొడుగైనాయి.

గొట్టం కోసం ప్రభాకర్ బయట వెతకలేదు. టెంట్ హౌస్‌లో ఇనుప గుంజలకు కొదువా? షామియానా గుంజ ఒకటి కోసి ఇచ్చాడు. దాన్ని ఇనుప పీఠంలో నిలబెట్టి, మహేశ్వర్ దానికి తీగ దగ్గరదగ్గరగా, అందంగా చుట్టాడు. దుకాణం వెనుక వాకిట్లో గిన్నె నిండా బంతి రేకులు పోసి స్విచ్ నొక్కారు.

ఖంగుమని మోగింది. గుంజ పీఠంలోంచి ఇంత ఎగిరి మళ్లీ పీఠానికే కొట్టుకుంది. పూలు మాత్రం గిన్నెలోనే ఉన్నాయి. వంటింట్లోంచి అక్క సంగమ్మ చేతిలో గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

"గ్యాసు పేలిందా ఏంది?"

"ఏం పేలలె. నీ మొగడు పూలు లేపుతుండు" అన్నాడు ప్రభాకర్.

"పూలో? నా గుండె లేచిపోయింది."

ఎందుకు లేవలేదో తెలుసుకోవడానికి వారం పట్టింది. ఈలోగా మహేశ్వర్ తీగను మూడుసార్లు విప్పి చుట్టాడు. చుట్టిన ప్రతిసారీ తప్పు తీగది కాదని ఒట్టు పెట్టుకున్నాడు. నిజమే, తప్పు గుంజది. గుంజ కూడా ఇనుమే కదా. అయస్కాంతం బలం లోపలున్న కడ్డీ దాకా పోకుండా గుంజలోనే తిరిగింది. గుంజనే గుంజుకుంది.

"ఇనుములో ఇనుము పెట్టి గుంజుమంటే గది దేన్ని గుంజుతది?" అన్నాడు ప్రభాకర్, మండిపోయి.

"గుంజ ఇచ్చింది నువ్వే గదా!"

"వద్దనకపోయినవ్!"

ప్లాస్టిక్ నీళ్ల పైపుకు వేరే తీగ చుట్టాక పూలు లేచాయి. జానెడు లేచి, మళ్లీ గిన్నెలోకే వచ్చి పడ్డాయి. నీళ్లు తాగడానికి వచ్చిన కోడిలా కడ్డీ తల ఎత్తి, చూసి, దించుకుంది.

మహేశ్వర్ కడ్డీ బరువు, అది లేచిన ఎత్తు చూసుకొని, కండెన్సర్లలో నింపిన కరెంటుతో పోల్చి లెక్క వేశాడు. "నూరు పైసల కరెంటు పెడితే ఒక్క పైస పైకి లేస్తున్నది."

నూటికి తొంభై తొమ్మిది పోయే బేరం ప్రభాకర్ పుట్టాక చూడలేదు. నీళ్లమ్మేవాడు కూడా దారిలో ఇంత ఒలకబొయ్యడు.

"మిగిలింది ఏడికి పోయింది?"

"తీగ వేడికి కొంత. చప్పుడుకు కొంత. ఏడికి పోయిందో నాకు మాత్రం ఏమెరుక?"

"ఎరుక లేనోడివి రెండు దినాలని ఎట్లన్నవ్?"

ఇక్కడ ప్రభాకర్ తన వృత్తివాళ్లంతా చేసే తప్పే చేశాడు. పందిట్లో వెలుగు చాలకపోతే టెంట్ హౌస్ వాడు ఇంకో లైటు పెడతాడు. మాట వినబడకపోతే ఇంకో సౌండ్ బాక్సు పెడతాడు. తక్కువైన ప్రతిదానికీ మందు 'ఇంకొకటి'. అందుకే కండెన్సర్లు ఇంకా తెచ్చాడు, వాటి మీద మరికొన్ని తెచ్చాడు. తెచ్చినకొద్దీ పూలు పైకి లేవలేదు సరికదా, కిందికి దిగాయి. కడ్డీ జానెడు కూడా పోకుండా వెనక్కి జారుతోంది. బావా బామ్మర్దుల మధ్య మాటలు తగ్గిపోయాయి. సంగమ్మ టీ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టి, "అన్నదమ్ముల పంచాయితీల కూడా గింత మూతి ముడుచుడు చూడలె" అని పోయేది.

చివరికి ఒక మధ్యాహ్నం మహేశ్వర్ చుట్ట ముందు చతికిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"బామ్మర్ది, చుట్ట కడ్డీని దాని నడుమకు గుంజుతది. ఆడిదాక మంచిదే. కడ్డీ నడుమ దాటినంక గూడ కరెంటు నడుస్తుంటే, మళ్ల నడుమకే గుంజుతది, అంటే వెనుకకు. మనం కండెన్సర్లు పెంచినకొద్ది కరెంటు ఎక్కువసేపు నడుస్తున్నది. ముందుకు తోసింది మనమే, కాలు పట్టి లాగింది మనమే."

ఇది ప్రభాకర్‌కు వెంటనే అర్థమైంది. దుకాణంలో రోజూ చూసేదే. గిరాకి సరే అన్నాక నోరు మూసుకోవాలి. ఇంకా రెండు మాటలు పొగిడితే, ఇంట్లో అడిగి వస్తానని లేచిపోతాడు.

"అంటే తియ్యాల్నా?"

"మళ్ల తెచ్చినయన్ని తియ్యాలె."

తెచ్చినవన్నీ తీసేశారు. కడ్డీ నడుమకు చేరేసరికి కరెంటు ఆగిపోయేట్టు మహేశ్వర్ ఒక స్విచ్ కట్టాడు. చుట్ట పొడవు తగ్గించి కడ్డీకి సమానం చేశాడు. పైపు లోపల కడ్డీ రాసుకోకుండా నున్నగా రుద్దాడు. ప్రతి మార్పుకూ పూలు ఒక పిసరు పైకి లేచేవి. చివరికి బంతి రేకులు ఇంటి చూరు దాటి లేచి, గాలిలో విచ్చుకొని, మెల్లగా దిగాయి. గుప్పెట్లోంచి పావురాన్ని వదిలినంత మెత్తగా.

"నాలుగు పైసలు" అన్నాడు మహేశ్వర్. "నూటికి నాలుగు తెచ్చిన."

ప్రభాకర్ లెక్కలో నాలుగు కూడా దండగే. కానీ బావ ముఖం చూసి ఆ మాట మింగేశాడు.

అనుకున్న రోజు మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించారు. ప్రభాకర్ పాత ఇనుప గుంజ మిషన్‌ను, తీసేసిన కండెన్సర్ల పెట్టెను కూడా ఎక్కించాడు.

"గదెందుకు? అది ఫెయిలయింది గద!" అన్నాడు మహేశ్వర్.

"ఉండనీ. పెండ్లికాడ ఏది తక్కువ పడ్తదో ఎవనికెరుక."

రిసార్టు పచ్చికలో, తండ్రి చిక్కుడు తీగలు పాకిన చోట, మిషన్ పెట్టారు. వనిత ఫోన్ పట్టుకొని వచ్చి నిలబడింది. ప్రభాకర్ మనసులో దండం పెట్టుకొని స్విచ్ నొక్కాడు. పూలు లేచాయి. మునుపెన్నడూ లేనంత బాగా లేచి, గుండ్రంగా విచ్చి, ఎండలో మెరుస్తూ దిగాయి.

వనిత ఫోన్‌లో ఏదో సరిచేసుకుంటూ అంది. "స్టార్ట్ చేసేటప్పుడు చెప్పండి అంకుల్, వీడియో తీస్తా."

"అయిపోయిందమ్మా."

"ఎప్పుడు?"

మహేశ్వర్ ముఖం నల్లబడింది. గిన్నె నింపి మళ్లీ నొక్కారు. ఈసారి ఆమె చూసింది. చూసి, "బ్యూటిఫుల్" అంది. వీడియో ఆపి ఫోన్ దించింది. ఆ దించడం ప్రభాకర్‌కు తెలుసు. కొననివాడు బట్టను మడిచి వెనక్కి ఇచ్చేది అట్లాగే.

"సౌండ్ లేదు కదా అంకుల్. మేళం మోగుతుంటుంది, అందరూ ఫోన్లలో ఉంటారు. పూలు లేచాయని ఎవరికి తెలుస్తుంది? సిటీ వాళ్లది ఢామ్మని పేలుతుంది, అందరూ తిరిగి చూస్తారు."

"చప్పుడు అంటే కరెంటు దండగ పోయినట్టు మేడమ్" అన్నాడు మహేశ్వర్, పళ్లు బిగించి. "చప్పుడు పోగొట్టేటందుకే నెల దినాలు కష్టపడ్డం."

"కష్టం కనిపిస్తోందండీ. కానీ వినబడట్లేదు."

ప్రభాకర్ తండ్రి మాట ఎత్తాడు. గుంజ సంగతి, చేతిలో చెయ్యి వేసిన సంగతి చెప్పాడు. వనిత మర్యాదగానే విన్నది. "అది పెద్దసారు మాట అంకుల్. నాకు గెస్టులు తిరిగి చూడాలి, అంతే" అంది.

ప్రభాకర్ ఒక నిమిషం పచ్చిక వైపు చూశాడు. తర్వాత ఆటో దగ్గరికి నడిచాడు.

"బావ, పాత గుంజ దించు."

"ఏమన్నవ్?"

"గుంజ దించు. తీసేసిన కండెన్సర్లు అన్నీ తగిలియ్యి."

"నీకేమన్న పిచ్చి లేసిందా? నూటికి నాలుగు పైసలు తెచ్చిన నేను!"

"గా నాలుగు పైసలు ఆమెకు వద్దట బావ. మనం పోగొట్టుకున్న తొంభై ఆరే కావాల్నట. జర తగిలియ్యి, నీ కాళ్లు మొక్కుత."

మహేశ్వర్ తిట్టుకుంటూనే తగిలించాడు. గిన్నెలో పూలు పోశారు. నొక్కారు.

ఖంగ్!

గుంజ ఎగిరి పీఠాన్ని గుద్దింది. నేల అదిరింది. గేటు దగ్గర కునుకు తీస్తున్న వాచ్‌మన్ లేచి కర్ర పట్టుకున్నాడు. తోటలో నీళ్లు పెడుతున్న వాళ్లంతా పని ఆపి ఇటే తిరిగారు. గిన్నెలో పూలు కదలనైనా కదల్లేదు.

వనిత చేతిలో ఫోన్ జారబోయి ఆగింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఇది! ఇది కావాలి అంకుల్. గుడి గంటలా ఉంది, నిప్పు లేదు, పొగ లేదు."

"రెండూ ఒక్క స్విచ్‌కు కడ్తం" అన్నాడు ప్రభాకర్ వెంటనే. "ఇది మోగుతది, అది పూలు లేపుతది."

"రెండెందుకు? స్టేజీ మీద అంత చోటు ఉండదు. మోగేది చాలు. పూలు మా అమ్మాయిలు పళ్లేల్లో పట్టుకొని చల్లుతారు."

"మరి పందిరి?"

"పందిరి మీదే. మొదటి గుంజ మీరే పాతండి. సిటీ వాళ్లకు నేను చెప్పేస్తా."

ప్రభాకర్ వచ్చింది దీనికోసమే. వచ్చిన పని అయింది. అయినా బావ వైపు చూడడానికి ముఖం చెల్లలేదు. మహేశ్వర్ అప్పటికే ప్లాస్టిక్ పైపు మిషన్‌ను చంటిపిల్లలా ఎత్తుకొని ఆటోలో కూర్చున్నాడు. మొయినాబాద్ దాకా దాన్ని ఒడిలోంచి దించలేదు.

"దుకాణం పెట్టినకాడికెంచి చూస్తున్న" అన్నాడు ఇంటి మలుపు దగ్గర. "ఫెయిలైన మిషన్‌కు గిరాకి వచ్చుడు గిదే మొదలు."

"పందిరి నిలబడ్డది గద బావ."

"నీది నిలబడ్డది. నాది గిదో, నా ఒళ్లె కూసున్నది."



వాకిట్లో సంగమ్మ సాయంత్రం ఊడ్చడం ముగించి, అటు తిరిగి చీపురును గోడకు ఆనిస్తోంది. మహేశ్వర్ మిషన్‌ను అరుగు మీద పెట్టాడు. ప్రభాకర్ సంచిలో మిగిలిన రేకులన్నీ గిన్నెలో పోసి బావ చేతికి స్విచ్ అందించాడు. మహేశ్వర్ వద్దన్నట్టు తల తిప్పి, మళ్లీ తానే నొక్కాడు.

పూలు చూరు దాటి లేచాయి. సంగమ్మకు తెలియలేదు. రోడ్డు మీద పోయేవాళ్లెవరూ ఇటు చూడలేదు. రేకులు ఒక్కొక్కటే ఆమె జుట్టు మీద, భుజాల మీద, తుడిచిన వాకిలి నిండా దిగాయి. ఆమె ఇటు తిరిగి నేల చూసి, నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఇప్పుడే ఊడ్చిన గదరా! ఎవడు పోసిండు గీ చెత్త?"

ప్రభాకర్ అక్క పక్కనుంచి పోయి, గోడకున్న చీపురు అందుకున్నాడు.