చివర ఉకారం

టైలరమ్మ భర్తతో కలిసి సువార్త చెప్పడానికి పరాయి దేశపు పల్లెకు వచ్చి వారమైంది. "మీ ఇంట్లో ప్రార్థన చేయనిస్తారా?" అనే ఒక్క వాక్యాన్ని అక్కడి భాషలో బట్టీపట్టి గడపగడపకూ తిరుగుతోంది.

అడిగిన ప్రతి ఇంటివాళ్లూ ఆవిడను ఎగాదిగా చూసి, నవ్వి, వంటగదిలోకి తీసుకెళ్లి అంట్ల గిన్నెలు చూపిస్తున్నారు. ఇది తన విశ్వాసానికి పరీక్ష కాబోలనుకుని టైలరమ్మ కొంగు బిగించి తోమేస్తోంది. తోముతూనే లోలోపల ప్రార్థన కూడా కానిచ్చేస్తోంది.

ఇన్నాళ్లూ మందిరానికి రేకులు వేసే పనిలో ఉన్న భర్త ఆ రోజే వెంట వచ్చాడు. దారిలో ఆవిడ వాక్యం వల్లెవేయడం విని పగలబడి నవ్వాడు.

"ఏమే, బస్సు, కారు అన్నట్టు ప్రతి మాటకీ చివర ఉకారం తగిలిస్తే ఎలా? వీళ్ల భాషలో ప్రార్థన అనే మాటకి ఉకారం తగిలిస్తే అంట్లు తోమడం అవుతుంది!"

టైలరమ్మ మొహం కందగడ్డయింది. "ఆ సంగతి ముందే చెప్పి చావచ్చుగా! మనింట్లో చేసిన చాకిరీ చాలదా నాకు?"

ఊరి చివరి ఇల్లు చేరేలోపు ఆ ఉకారాన్ని కోసిపారేసి, సరైన మాట నోటికి పట్టించుకుంది.

ముసలమ్మ తలుపు తీసింది. కీళ్లు వాచి వేళ్లు వంకర్లు పోయాయి. టైలరమ్మను చూడగానే ఆమె మొహం చేటంత అయింది. వెనక తొట్టినిండా అంట్లు, పక్కనే సబ్బూ పీచూ, వచ్చే మనిషి కోసం వేసి ఉంచిన పీట.

"నవ్వింది చాలు, చొక్కా చేతులు మడవండి," అంది టైలరమ్మ భర్తతో.

తర్వాత ముసలమ్మ వైపు తిరిగి వినయంగా అడిగింది, ఉకారంతో సహా.