తొమ్మిది వందల బ్యాండులో అత్తగారు

గాలికి గట్లు వేసే ఉద్యోగం ఉంటుందంటే నమ్మరు గానీ, ఉంది. కంటికి కనపడని తరంగాలను సర్కారు వారు పొలంలా మళ్లు కట్టి, ఇది ఈ ఫోన్ కంపెనీది, అది ఆ కంపెనీది, అవతలిది విమానాలదని పంచిపెడతారు. ఒకరి మళ్లో ఇంకొకరు కాలుపెడితే పట్టుకునేవాడు తరంగాల ఇన్‌స్పెక్టరు. మన ఇన్‌స్పెక్టరుకు ఆ పనిలో ఇరవై రెండేళ్ల అనుభవం, అంతకు రెండింతల టెక్కు.

"గాలిని కూడా వదల్లేదూ! సిగ్గులేకపోతే సరి," అనేవారు అత్తగారు. ఆవిడ కింది వాటా, ఆయన కాపురం పై వాటా. ఇంట్లో ఆ ఉద్యోగానికి దక్కిన మర్యాద అంతే.

ఆవిడ అక్క పక్షవాతంతో దూరాన ఏదో ఊళ్లో మంచాన పడి ఉంది. రోజూ నాలుగింటికి ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకోవాలి. కింది గదిలో సిగ్నల్ సున్నా. మేడెక్కుదామంటే మోకాళ్లు ససేమిరా అంటాయి.

"గాలంతా మీ చేతిలోనే ఉందంటారు, నా గదిలోకి పిడికెడు తేలేరా అల్లుడుగారూ?" అని ఒకరోజు దెప్పారు. ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. ఆఫీసు స్టోరులో జప్తు సరుకు మధ్య పడి ఉన్న దొంగ సిగ్నల్ బూస్టర్ ఒకటి తెచ్చి ఆవిడ బీరువా మీద బిగించేశాడు.

నెల తిరక్కుండా, గాలిలో తొమ్మిది వందల బ్యాండు అనే మడి దక్కిన ఫోన్ కంపెనీ లబోదిబోమంది. ఒక పేటలో టవరుకు ఏమీ వినపడనంత హోరు. ఫోన్లు తెగిపోతున్నాయి, అంబులెన్సుకు చేసిన కాల్ కూడా రెండుసార్లు తెగింది.

"ఎవడో బుద్ధిలేనివాడు బూస్టర్ పెట్టుంటాడు. సాయంత్రంలోగా పట్టకపోతే మీసం గొరిగించుకుంటా," అని మన ఇన్‌స్పెక్టరు కంపెనీ ఇంజనీరమ్మాయిని వ్యానెక్కించుకున్నాడు. అది తన పేటేనని తెలిసినా తన బూస్టర్ ఊసే తట్టలేదు మహానుభావుడికి. తప్పులు చేసేది ఎప్పుడూ ఎదుటివాళ్లే కదా!

యాంటెన్నా తిప్పుతూ పోగా మీటరు ముల్లు వాళ్లను తమ వీధిలోకే లాక్కొచ్చింది. తమ గేటు ముందు చివరికంటా లేచి నిలబడింది. అప్పుడు వెలిగింది ఆయనకు.

లోపల అత్తగారు అక్కతో మాట్లాడుతున్నారు. అమ్మాయి తిన్నగా వెళ్లి బీరువా మీద కప్పి ఉన్న గుడ్డ ఎత్తింది. అల్లుడి మొహం చూసి అత్తగారికి సంగతి అర్థమైపోయింది.

"అది నాదేనమ్మా, నేనే కొన్నా. మా అల్లుడికి తెలీదు. తెలిస్తే ఊరుకుంటారా, నిప్పులాంటి మనిషి!"

ఇన్నేళ్లలో ఆవిడ నోట తన గురించి ఒక్క మంచిమాట వినలేదు ఆయన. ఇదీ అబద్ధమే. అయినా కళ్లు చెమర్చాయి.

అమ్మాయి పెట్టె తిప్పి చూసింది. వెనక ఆఫీసు చీటీ: జప్తు చేసినవారు, కింద సంతకం.

"సార్... ఇది మీ సంతకమే కదా?"

ఔననకపోతే జరిమానా అత్తగారి నెత్తిన పడుతుంది. "ఔను, నాదే," అంటూ ఆయన ప్లగ్గు పీకేశాడు. అమ్మాయి చేతిలోని మీటరు ముల్లు చప్పున దిగింది. "అక్కా... అక్కా?" అంటూ అత్తగారు ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నారు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈయన పట్టాడు, కాగితం మీద దోషి పేరు రాయాల్సిన చోట తన పేరే రాశాడు. మీసం నిలిచింది గానీ ఉద్యోగానికి దెబ్బ తగిలింది. మూడు నెలలు సస్పెన్షన్.

మర్నాడు నాలుగు కాకముందే కిందికి దిగి చెయ్యందించాడు. మెట్టుకో తిట్టు చొప్పున ఆవిడ మేడెక్కారు. పైన సిగ్నల్ నిండుగా ఉంది. కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆయన నంబరు కలిపి ఇచ్చాడు.

"ఇన్నాళ్లకి మా అల్లుడుగారికి పనికొచ్చే ఉద్యోగం దొరికిందక్కా," అన్నారు అత్తగారు, ఆయన చెయ్యి వదలకుండానే.